రొయ్య హేచరీల్లో ఆల్గే మేత, మేలు చేసే బ్యాక్టీరియా: తరచుగా అడిగే ప్రశ్నలు

భీమిలి నుంచి నెల్లూరు దాకా మన తీరంలో ఉన్న వనామీ రొయ్యల హేచరీల్లో పనిచేసే టెక్నీషియన్ల కోసం, ఆల్గే ల్యాబ్ చూసుకునేవాళ్ల కోసం ఈ ప్రశ్నలు, జవాబులు రాశాం. నాప్లీ (గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన పిల్ల) వదిలిన రోజు నుంచి జోయా, మైసిస్ దశలు దాటి పీఎల్ (పోస్ట్‌లార్వా, చెరువుకు వెళ్లే పిల్ల) దశ వరకే ఇక్కడ మాట్లాడుతున్నాం, చెరువుల సంగతి వేరు. లెక్కలన్నీ 10 టన్నుల లార్వా ట్యాంకుకు వేసినవి. మీ ట్యాంకు ఎంతదైతే అంతకు మార్చుకోండి.

ప్రోబయోటిక్ లార్వా ట్యాంకులో అసలు ఏం చేస్తుంది?

ప్రోబయోటిక్ అంటే మేలు చేసే బ్యాక్టీరియా. ముందుగా, అది మందు కాదు. జబ్బు వచ్చాక వేస్తే నయం చేసే గుణం దానికి లేదు. క్లోరిన్ కొట్టి శుభ్రం చేసిన నీళ్లలో బ్యాక్టీరియా దాదాపు ఉండదు, కానీ వాటికి కావలసిన తిండి మాత్రం అలాగే ఉంటుంది. నాప్లీ వదలగానే, ఆల్గే పోయగానే ఆ తిండి ఇంకా పెరుగుతుంది. అలాంటి ఖాళీ నీళ్లలో అందరికంటే ముందు పెరిగేది విబ్రియో, లార్వాకు జబ్బు తెచ్చే రకాలున్న బ్యాక్టీరియా. 30 డిగ్రీల వేడి, ఉప్పునీరు, తిండి మూడూ దొరికితే కొన్ని విబ్రియో రకాలు అరగంట కూడా పట్టకుండానే రెట్టింపవుతాయి.

బాసిల్లస్ లాంటి మేలు చేసే బ్యాక్టీరియా ముందే చేరి ఉంటే ఆ తిండిలో వాటా అది లాక్కుంటుంది. కొన్ని రకాలు విబ్రియోను అణిచే పదార్థాలను విడుదల చేస్తాయి. ఇంకొన్ని, విబ్రియోలు ఒకదానికొకటి పంపుకునే రసాయన సంకేతాలను ముక్కలు చేస్తాయి. లార్వా నీళ్లతో పాటు వీటినీ మింగుతుంది కాబట్టి పేగులోనూ కొన్ని చేరతాయి. ఇవన్నీ జరగాలంటే అవి విబ్రియో కంటే ముందు అక్కడ ఉండాలి. మేం చెప్పే జాగ్రత్తల్లో సగానికి పైగా ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంటాయి.

ఏ బ్యాక్టీరియా వాడాలి?

హేచరీల్లో ఎక్కువగా వాడేవి బాసిల్లస్ సబ్టిలిస్, బాసిల్లస్ లైకెనిఫార్మిస్, బాసిల్లస్ ప్యూమిలస్. ఇవి స్పోర్లు కడతాయి, అంటే గట్టి పెంకులో నిద్రపోతున్న విత్తనాల్లా ఉంటాయి. అందుకే పొడి రూపంలో నెలల తరబడి నిలుస్తాయి, ఉప్పునీటినీ తట్టుకుంటాయి. లాక్టోబాసిల్లస్ కూడా మంచిదే కానీ స్పోరు కట్టదు. ఎండలో నిలిపిన వ్యానులో ఒక్క రోజు ఉన్న డబ్బాలో ఎన్ని బతికి ఉంటాయో చెప్పలేం. ఈక్వెడార్ హేచరీలు 1990ల మొదట్లో ప్రమాదం లేని ఒక విబ్రియో ఆల్జినోలైటికస్ రకాన్నే ప్రోబయోటిక్‌గా వాడాయి. దాన్ని చూసి ఇక్కడ ఎవరూ సొంతంగా విబ్రియో పెంచే సాహసం చేయొద్దు. ఆ జాతిలోనే జోయాను చంపేవీ ఉన్నాయి, కాలనీ రంగు చూసి మంచిచెడ్డలు తేల్చలేం.

ఆల్గేకూ బ్యాక్టీరియాకూ సంబంధం ఏమిటి? రెండూ వేర్వేరు పనులు కదా?

వేర్వేరు కావు. కీటోసెరాస్, థలసియోసిరా లాంటి డయాటమ్‌లు (సిలికా పెంకున్న ఆల్గే) వెలుతురులో పెరుగుతూ చక్కెరల్లాంటి పదార్థాలను నీళ్లలోకి వదులుతాయి. బ్యాక్టీరియా వాటిని తిని బతుకుతుంది. బదులుగా కార్బన్ డయాక్సైడు ఇస్తుంది, కొన్ని రకాలు బి12 విటమిన్ కూడా ఇస్తాయి. ఇప్పటివరకు పరీక్షించిన ఆల్గే జాతుల్లో సగానికి పైగా బి12ను బయటి నుంచి తీసుకోవలసినవే. ఎఫ్/2 మీడియంలో (ఆల్గే పెంచే పోషక ద్రావణంలో) బి12 కలిపేది అందుకే.

కాబట్టి మీరు లార్వాకు పోసే ప్రతి బకెట్ ఆల్గేతో పాటు ఆల్గే ట్యాంకులోని బ్యాక్టీరియా కూడా పోస్తున్నారు. 400 లీటర్ల ఆల్గేలో మిల్లీలీటరుకు 1,000 విబ్రియో ఉంటే, అది పోసిన ప్రతిసారీ 40 కోట్ల విబ్రియో లార్వా ట్యాంకులోకి వెళ్తుంది. ప్రోబయోటిక్ పనిచేయడం లేదన్న ఫిర్యాదు వస్తే మేం మొదట అడిగేది ఆల్గే ట్యాంకు ప్లేటింగ్ రిపోర్టు, అంటే ఆ నీటిని పోషక జెల్లీ ప్లేటు మీద పరిచి పెరిగిన కాలనీలు లెక్కపెట్టిన కాగితం.

అయితే బ్యాక్టీరియా అస్సలు లేని ఆల్గే పెంచితే మంచిది కదా?

స్టాక్ (మూల విత్తనం) ట్యూబుల్లో, ఫ్లాస్కుల్లో వీలైనంత శుద్ధంగానే పెంచాలి. టన్ను ట్యాంకు దాకా వచ్చేసరికి అది కుదిరే పని కాదు, అక్కర్లేదు కూడా. చూసుకోవలసింది బ్యాక్టీరియా ఉందా లేదా అని కాదు, విబ్రియో ఉందా లేదా అని. స్టాక్ నుంచి 20 లీటర్ల క్యాన్ వరకు టీసీబీఎస్ ప్లేటు (ముఖ్యంగా విబ్రియో పెరిగేలా చేసిన జెల్లీ) మీద ఒక్క కాలనీ కూడా రాకూడదు. బయటి ట్యాంకుల్లో మిల్లీలీటరుకు 100 దాటితే ఆ ట్యాంకు లార్వాకు పోయకండి, ఎంత చిక్కగా, ఎంత అందమైన గోధుమ రంగులో ఉన్నా సరే.

కీటోసెరాస్ ట్యాంకుకు మీడియం ఎంత వేయాలి?

ఎఫ్/2 లెక్కన టన్ను నీటికి సోడియం నైట్రేట్ 75 గ్రాములు, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 5 గ్రాములు, సోడియం మెటాసిలికేట్ 30 గ్రాములు, ఫెర్రిక్ క్లోరైడ్ సుమారు 3.2 గ్రాములు, ఈడీటీఏ (లోహాలను పట్టి ఉంచే రసాయనం) 4.4 గ్రాములు. విటమిన్లు థయమిన్ 100 మిల్లీగ్రాములు, బి12, బయోటిన్ అర మిల్లీగ్రాము చొప్పున. వీటికి తోడు ట్రేస్ మెటల్ ద్రావణం. సిలికేట్‌ను విడిగా కరిగించి, మిగతావి బాగా కలిసిన తర్వాత చివర్లో మెల్లగా పోయండి. అన్నీ ఒకే బకెట్లో కలిపితే తెల్లగా విరిగి అడుగున కూర్చుంటుంది, అది ఆల్గేకు అందదు. డయాటమ్ పెంకు కట్టేది సిలికాతోనే. మిగతావన్నీ ఉన్నా సిలికా అయిపోతే పెరుగుదల అక్కడితో ఆగిపోతుంది.

ఆల్గేను పెరుగుదల జోరుగా ఉన్నప్పుడే తీయాలి. ఇంకో రోజు ఉంచితే ఇంకా చిక్కబడుతుందని ఆశపడితే కణాలు ముసలివై గుంపులు కడతాయి, జిగురు వదులుతాయి, బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ గుంపులు జోయా నోటికి పట్టవు, కాళ్ల నూగుకు మాత్రం అంటుకుంటాయి.

ఆల్గే ట్యాంకులోనే ప్రోబయోటిక్ వేయొచ్చా?

స్టాక్‌లో, ఫ్లాస్కుల్లో, క్యాన్లలో వద్దు. పెద్ద ట్యాంకుల్లో వేయాలనుకుంటే ముందు పరీక్ష చేయండి. బాసిల్లస్‌లో కొన్ని రకాలు డయాటమ్‌లను కరిగించేస్తాయి, ప్యాకెట్ మీద ఆ సంగతి రాసి ఉండదు.

లీటరు ఫ్లాస్కులు ఆరు తీసుకోండి. అన్నింటిలో ఒకే ఆల్గే, ఒకే మీడియం, ఒకే వెలుతురు. మూడింటిలో మిల్లీలీటరుకు 10,000 వచ్చేలా ప్రోబయోటిక్ వేయండి, మూడింటిని వదిలేయండి. పొద్దున, సాయంత్రం కౌంట్ చేస్తూ నాలుగు రోజులు చూడండి. ప్రోబయోటిక్ వేసిన వాటిలో కౌంట్ తగ్గినా, కణాల రంగు పాలిపోయినా, గొలుసులు తెగి గుంపులు కట్టినా ఆ ఉత్పత్తి మీ ఆల్గే విభాగం దరిదాపులకు రాకూడదు. ఫలితం బాగున్నా బ్రాండు మారిస్తే మళ్లీ మొదటి నుంచి పరీక్షించాల్సిందే.

లార్వా ట్యాంకులో ఆల్గే ఎంత ఉంచాలి, ఎలా లెక్కవేయాలి?

కీటోసెరాస్ అయితే జోయా 1లో మిల్లీలీటరుకు 80,000 కణాలు, జోయా 2లో లక్ష, జోయా 3లో లక్షా 20 వేలు, ఈ చుట్టుపక్కల ఉంచుతారు. మైసిస్‌లో ఆర్టీమియా (పొదిగించి మేతగా ఇచ్చే చిన్న ఉప్పునీటి జీవి) మొదలవుతుంది కాబట్టి మెల్లగా 60 వేల వైపు దించుతారు. థలసియోసిరా కణం పెద్దది, దాన్ని జోయా 3 నుంచి కలపడం మేలు. మొదటి ఆల్గే మాత్రం నాప్లీ 5లోనే పోయాలి. అన్నీ ఒకే గంటలో జోయా కావు, ముందుగా మారిన పిల్ల కళ్లు తెరిచేసరికి తిండి ఎదురుగా ఉండాలి.

కౌంటింగ్ ఛాంబర్‌లో పెద్ద గడికి వచ్చిన సగటును 10,000తో గుణిస్తే మిల్లీలీటరుకు కణాలు వస్తాయి. ట్యాంకులో ఇప్పుడు 40,000 ఉన్నాయి, మీకు లక్ష కావాలి, అంటే 60,000 తక్కువ. చేతిలోని ఆల్గే మిల్లీలీటరుకు 15 లక్షలు. 10,000 లీటర్లను 60,000తో గుణించి 15 లక్షలతో భాగిస్తే 400 లీటర్లు.

మేత వేసే ప్రతిసారీ ముందు కౌంట్ చేయండి, కంటి అంచనా వద్దు. ఆరు గంటల తర్వాత కౌంట్ తగ్గకపోతే మేత మిగిలిందని సంతోషించకండి. పిల్ల తినడం మానేసింది. జబ్బు లక్షణం బయటికి కనపడడానికి ముందే ఈ అంకె చెబుతుంది.

ప్రోబయోటిక్ డోసు ఎంత? 1 పీపీఎం చాలా, 5 కావాలా?

పీపీఎం (టన్ను నీటికి ఒక గ్రాము) అన్న మాట గ్రాములు చెబుతుంది, ప్రాణమున్న బ్యాక్టీరియా ఎంతో చెప్పదు. 10 టన్నులంటే కోటి మిల్లీలీటర్లు. గ్రాముకు 1,000 కోట్ల స్పోర్లున్న పొడి 10 గ్రాములు, అంటే 1 పీపీఎం వేస్తే మిల్లీలీటరుకు 10,000 వస్తాయి. గ్రాముకు 100 కోట్లే ఉన్న పొడిని అంతే వేస్తే 1,000 మాత్రమే. రెండు డబ్బాలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి.

గ్రాముకు 1,000 కోట్ల పొడితో ఇలా మొదలుపెట్టండి: నాప్లీ వదలడానికి ముందు రోజు 2 పీపీఎం, జోయా మూడు దశల్లో రోజుకు 1 పీపీఎం రెండు భాగాలుగా, మైసిస్‌లో 2, పీఎల్‌లో 2 నుంచి 3. నీళ్లు మార్చిన రోజు, మార్చిన తర్వాతే వేయండి. ముందు వేస్తే వేసినదాంట్లో కొంత డ్రెయిన్‌లోకి పోతుంది.

జోయా దశలో ఎక్కువ వేయడం వల్ల నష్టమే ఎక్కువ. తవుడు, పిండి లాంటి వాటిలో కలిపి అమ్మే పొడులు పూర్తిగా కరగవు. కరగని నలుసులు జోయా నూగుకు పట్టి, ఈదలేక అడుగుకు చేరేలా చేస్తాయి. నానబెట్టిన నీటిని సన్నటి బోల్టింగ్ గుడ్డలో వడగట్టి మాత్రమే పోయండి.

బెల్లం వేసి పులియబెట్టి వాడటం మంచిదేనా?

జాగ్రత్తగా చేస్తే మంచిదే, స్పోర్లు మేల్కొని ట్యాంకులో వెంటనే పని మొదలుపెడతాయి. ఎక్కువ చోట్ల జరిగే పొరపాటు దీన్ని సముద్రపు నీటిలో చేయడం. విబ్రియోలో చాలా రకాలకు ఉప్పు కావాలి, బాసిల్లస్‌కు అక్కర్లేదు. కాబట్టి మంచినీళ్లు వాడండి.

10 లీటర్ల మంచినీటిలో 100 గ్రాముల బెల్లం వేసి మరిగించి, మూతపెట్టి చల్లార్చండి. 10 నుంచి 20 గ్రాముల పొడి కలిపి, శుభ్రమైన ఎయిర్ స్టోన్‌తో జోరుగా గాలి ఇస్తూ 8 నుంచి 12 గంటలు ఉంచండి. బాసిల్లస్‌కు గాలి బాగా కావాలి, బ్లోయర్ ఆగిన బకెట్ పారబోయడమే. కుళ్లు వాసన వచ్చినా పారబోయాలి. వారానికోసారి ఈ బకెట్ నుంచి టీసీబీఎస్ ప్లేటు వేయండి. ఒక్క కాలనీ వచ్చినా బకెట్, ఎయిర్ స్టోన్, పైపు అన్నీ క్లోరిన్‌లో వేసి ఎండబెట్టాలి. 10 టన్నులకు ఒకసారికి 2 లీటర్లు మించొద్దు. మిగిలిన బెల్లం ట్యాంకులోకి వెళ్తే అది విబ్రియోకూ తిండే.

ప్యాకెట్ మీద రాసినన్ని ఉన్నాయో లేదో మేమే చూసుకోవచ్చా?

చూసుకోవచ్చు, చూసుకోవాలి. 1 గ్రాము పొడిని 99 మిల్లీలీటర్ల శుద్ధ సెలైన్‌లో కలిపి 80 డిగ్రీల వేడినీటిలో 10 నిమిషాలు ఉంచండి. స్పోర్లు బతుకుతాయి, మిగతావి చస్తాయి. తర్వాత 1 మిల్లీలీటరును 9 మిల్లీలీటర్లలో కలపడం ఐదుసార్లు చేయండి. చివరి ట్యూబు నుంచి 0.1 మిల్లీలీటరు న్యూట్రియంట్ అగార్ మీద పరిచి, 35 డిగ్రీల్లో ఒక రోజు ఉంచండి. గ్రాముకు 1,000 కోట్లు నిజమైతే ప్లేటు మీద సుమారు 100 కాలనీలు రావాలి. 10 వచ్చాయంటే మీరు కట్టిన డబ్బులో పదో వంతు సరుకే వచ్చింది. వేడి చేయని పొడిని టీసీబీఎస్ మీద కూడా వేసి చూడండి, అక్కడ ఏమీ పెరగకూడదు.

నీళ్లు ఎలా సిద్ధం చేయాలి?

ఇసుక ఫిల్టరు, కార్ట్రిడ్జ్‌లు దాటాక 20 పీపీఎం క్లోరిన్ కావాలంటే 10 టన్నులకు 65 శాతం హైపోక్లోరైట్ సుమారు 310 గ్రాములు పడుతుంది. ఒక రాత్రంతా ఉంచి, గాలి పెట్టి, మిగిలినదాన్ని థయోసల్ఫేట్‌తో విరిచి, కిట్‌తో చూసి సున్నా అని రూఢి చేసుకోండి. క్లోరిన్ మిగిలితే ప్రోబయోటిక్ దెబ్బతింటుంది, మీరు మాత్రం వేశామనే అనుకుంటారు. తర్వాత ఈడీటీఏ 5 నుంచి 10 పీపీఎం. ఆ పైన ప్రోబయోటిక్ వేసి గాలి పెట్టి ఒక రోజు ఆగండి, అప్పుడు నాప్లీ. చాలామంది తొందరలో ఎగ్గొట్టేది ఈ ఒక్క రోజునే.

టీసీబీఎస్ ప్లేటులో ఎన్ని కాలనీలు వస్తే కంగారు పడాలి?

0.1 మిల్లీలీటరు పరిచి 24 గంటల తర్వాత 25 కాలనీలు వస్తే మిల్లీలీటరుకు 250. లార్వా ట్యాంకులో మొత్తం 1,000 లోపు, అందులో ఆకుపచ్చవి 100 లోపు ఉంచాలన్నది హేచరీల్లో పాటించే పద్ధతి. పసుపువన్నీ మంచివి, ఆకుపచ్చవన్నీ చెడ్డవి అనుకోవద్దు. చక్కెరను వాడుకోగలదా లేదా అన్నదే రంగు చెబుతుంది. ఆల్జినోలైటికస్ పసుపే వస్తుంది, అది జోయాలో చేటు చేసిన సందర్భాలున్నాయి. అంకె కంటే దాని నడక చూడండి. నిన్న 80, ఇవాళ 600 అంటే హద్దు దాటకపోయినా అది ప్రమాదమే. రాత్రి లైట్లు ఆర్పి ట్యాంకు చూడటం కూడా అలవాటు చేసుకోండి. నీళ్లు గానీ పిల్లలు గానీ మెరిస్తే అది వెలుగునిచ్చే విబ్రియో, ప్లేటు కోసం ఆగనక్కర్లేదు.

జోయా 2లో పిల్ల తిండి మానేసి పడిపోతోంది. ప్రోబయోటిక్ డోసు పెంచాలా?

పెంచొద్దు. ఆరోగ్యంగా ఉన్న జోయా వెనక మల దారం పొడుగ్గా వేలాడుతుంది. ఈ సమస్యలో దారం ఉండదు, పేగు ఖాళీ, మైక్రోస్కోపులో చూస్తే పేగు గోడ నుంచి ఊడిన కణాలు గుండ్రంగా తేలుతుంటాయి. ఆ దశలో లార్వా ఏమీ మింగడం లేదు, మీరు వేసే బ్యాక్టీరియా దాని లోపలికి వెళ్లే దారే లేదు.

ఆల్గే, నీళ్లు, నాప్లీ తెచ్చిన నీరు, గాలి పైపు చివర, నాలుగింటికీ ప్లేటు వేసి మూలం ఎక్కడుందో పట్టుకోండి. సగానికి పైగా పోయిన ట్యాంకును లాక్కొస్తూ ఉంటే పక్క ట్యాంకులకు అంటుకుంటుంది. ఆ ట్యాంకును క్లోరిన్‌తో చంపి తీసేయడం కష్టమైన నిర్ణయమే, కానీ మిగతా వాటిని కాపాడేది అదే. ఒకే సీజన్‌లో రెండు బ్యాచ్‌లు ఇలాగే పోతే హేచరీ మొత్తం ఆపి, పైపులు విప్పి, కడిగి, ఎండబెట్టాలి. పైపుల లోపల పట్టిన జిగురు పొరను ఏ ప్రోబయోటిక్కూ కదిలించలేదు.

ఆర్టీమియా ద్వారా ప్రోబయోటిక్ పంపొచ్చా?

పీఎల్ దశకు పంపొచ్చు. అప్పుడే పొదిగిన ఆర్టీమియా ఏమీ తినదు, దాని నోరు ఇంకా తెరుచుకోదు. సుమారు 8 గంటలకు మొదటి పొర విడిచాకే నీళ్లలోని కణాలను వడగట్టి తింటుంది. అంతకుముందు ప్రోబయోటిక్‌లో ముంచినా ఒంటి మీద అంటినవే వెళ్తాయి. మైసిస్ పిల్లకు మాత్రం అప్పుడే పొదిగిన చిన్న ఆర్టీమియానే ఇవ్వాలి, ఎదిగినది దాని నోటికి పెద్దది.

పొదిగే నీటిని ఎప్పుడూ ట్యాంకులో పోయకండి. గుడ్డు పగిలేటప్పుడు గ్లిజరాల్ బయటికి వస్తుంది, దాని మీద విబ్రియో విపరీతంగా పెరుగుతుంది. శుద్ధి చేసిన నీటితో నురుగు పోయేదాకా కడిగాకే మేత వేయాలి.

అమ్మోనియా తగ్గుతుందా?

బాసిల్లస్ వల్ల నేరుగా తగ్గుతుందని నమ్మొద్దు. మిగిలిపోయిన మేతలోని ప్రోటీనును అది విడగొడుతుంది, ఆ పనిలో అమ్మోనియా పుడుతుంది కూడా. లార్వా ట్యాంకులో అమ్మోనియాను తీసుకునేది బతికున్న డయాటమ్, ఆ తర్వాత నీటి మార్పిడి, సైఫన్ (అడుగు చెత్తను పైపుతో లాగడం). నైట్రిఫైయింగ్ బ్యాక్టీరియా చాలా నెమ్మదిగా పెరుగుతుంది, పాతికలోపు రోజుల బ్యాచ్‌లో కొత్తగా వేసి ఫలితం ఆశించలేం.

వైట్ స్పాట్, ఈహెచ్‌పీ రాకుండా ఆపుతుందా?

ఆపదు. ఈ రెండు రొయ్య జబ్బుల్లో వైట్ స్పాట్‌కు కారణం వైరస్, ఈహెచ్‌పీ మైక్రోస్పోరిడియా అనే పరాన్నజీవి. వాటిని ఆపే దారి శుద్ధమైన బ్రూడర్లు (తల్లి రొయ్యలు), పీసీఆర్ (జన్యు) పరీక్షే.

యాంటీబయోటిక్ కొంచెం, ప్రోబయోటిక్ కొంచెం వేస్తే?

క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్‌ల వంటివి మన దేశంలో రొయ్యల పెంపకంలో నిషేధం. వాటి అవశేషాలు తేలితే ఎగుమతి సరుకు వెనక్కి వస్తుంది. ఆ సంగతి పక్కన పెట్టినా, యాంటీబయోటిక్ వేసిన మరుక్షణం మీరు డబ్బు పెట్టి పెంచిన బాసిల్లస్ ముందు పోతుంది, నిరోధం సంపాదించిన విబ్రియో మిగులుతుంది. ట్యాంకు మళ్లీ ఖాళీ అవుతుంది, ఈసారి అందులో మొండి విబ్రియో ఒక్కటే ఉంటుంది. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ యాంటీబయోటిక్ లేనివిగా నమోదు చేసిన ఉత్పత్తుల్లోంచే ప్రోబయోటిక్ ఎంచుకోండి. పొడి వేసిన రెండు గంటల్లో విబ్రియో కౌంట్ సున్నా అయితే అనుమానించండి, అది బ్యాక్టీరియా చేసే పని కాదు.

పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఒకే బ్రూడర్ల నాప్లీ, ఒకే ఆల్గేతో నాలుగు ట్యాంకులు పెట్టి, రెండింటికి మాత్రమే ప్రోబయోటిక్ ఇవ్వండి. బతికిన శాతం ఒక్కటే చూడకండి. జోయా నుంచి మైసిస్‌కు మారడానికి పట్టిన గంటలు, రోజువారీ విబ్రియో, పీఎల్ సైజుల్లో తేడా రాసుకోండి. పీఎల్ 10ని (పీఎల్ దశలో పదో రోజు పిల్లను) ఒక్కసారిగా సగం ఉప్పదనం ఉన్న నీటిలో అరగంట ఉంచి, తిరిగి పాత ఉప్పదనంలోకి మార్చి అరగంట తర్వాత ఎన్ని నిలిచాయో లెక్కపెట్టండి. ఒక్క బ్యాచ్ ఫలితం మీద తేల్చేయొద్దు. కనీసం మూడు బ్యాచ్‌లు, అందులో ఒకటైనా వానాకాలపు నీటితో, చూశాకే ఆ ఉత్పత్తిని కొనసాగించాలో మానాలో నిర్ణయించుకోండి.